మూట

వాల్దీవియాలో వాన పడుతోంది అనడం
వార్త కాదు.
మెషీన్ గదిలో మాత్రం ఎడారి గాలి,
పన్నెండు బీరువాల పచ్చ దీపాలు,
నా మాతే కప్పు, నా చలి కోటు.

శుక్రవారం రాత్రి పదకొండింటికి
గొడుగు లేకుండా వచ్చింది మిల్లరాయ్.
"రొసాల్బా గారూ, ఆదివారం తుడిచేస్తారట?"
తుడిచేది నేను కాదమ్మా, గడియారం.
తాత్కాలికం అని బోర్డు పెట్టిన చోట
ముప్పై రోజులు ఎవరూ ముట్టని ఫైలు
చెప్పకుండానే పోతుంది.
పాత డిస్కులు మూలపడితే నెల కిందట అన్నీ ఇక్కడికి దించాం.
ఎన్ని ఉత్తరాలు రాశానో.
చదివినవాళ్ళు తక్కువ.

ఆమెకు కావలసింది ఒక కొండ గొణుగుడు.
వియారికా కడుపులోంచి తొమ్మిదేళ్ళ వణుకు,
చెవికి అందనిది, అంకెలకే అందేది.
అదంతా అక్కడే ఉంది, పేర్లతో సహా కనిపిస్తోంది.
తెరవబోతే ఒకటే జవాబు:
నీకు అనుమతి లేదు.

నేను తలుచుకుంటే ఏ తలుపైనా తెరుచుకుంటుంది.
అందుకే తలుచుకోను.

యజమాని దోన్ ఎవరిస్తో.
రిటైరై చిలోయే దీవిలో తేనెటీగలు పెంచుతున్నాడు.
సిగ్నల్ కోసం గుట్టెక్కి, రొప్పుతూ,
"పాస్‌వర్డ్ చెప్తా రాసుకో, మా కుక్క పేరే" అన్నాడు.
మహానుభావా, కుక్కను మీ దగ్గరే ఉంచుకోండి,
రెండు వాక్యాల ఉత్తరం చాలన్నాను.
శనివారం మధ్యాహ్నానికి వచ్చింది.
అందులో మూడో వాక్యం కూడా ఉంది:
రెండువేల పదిహేను మార్చి జాగ్రత్త,
కొండ గట్టిగా మాట్లాడిన నెల అది.

సాంతియాగో నిల్వకి కాపీ మొదలెట్టింది.
అరగంటకు అర శాతం.
ఎనిమిది లక్షల ఫైళ్ళు, ఒక్కోటీ ఆవగింజంత.
ప్రతి గింజా కౌంటర్ ముందు నిలబడాలి.
గుమాస్తా పుస్తకం తిరగేసి చెప్పాలి,
నీ ముక్కల్లో ఒకటి మూడో బీరువా,
ఒకటి ఏడు, ఒకటి పదకొండు.
తేవడం క్షణం. అడగడమే యుగం.
ఆవాల్ని ఎవరైనా ఒక్కొక్కటిగా మోస్తారా,
మూట కట్టు పిల్లా అన్నాను.
నెలకొకటి కట్టింది, నూట ఎనిమిది.
గుమాస్తా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆదివారం తెల్లవారుజామున, నాలుగూ పన్నెండుకి
నేల ఒకసారి భుజం సర్దుకుంది.
ఇక్కడ పుట్టినవాళ్ళం,
ఎవరి కప్పు వాళ్ళం పట్టుకుని కూర్చున్నాం.
బీరువాలు గొలుసుల్లో మూలిగాయి.
బయటికెళ్ళే తీగ ఎక్కడో తెగి
అరవై ఒకటి దగ్గర అంకె గడ్డకట్టింది.
మా అమ్మమ్మ అరవయ్యో సంవత్సరం గురించి చెబుతూ
ఇలాగే ఒకచోట ఆగిపోయేది.
తర్వాతిది ఎప్పుడూ చెప్పలేదు.

తీగ మళ్ళీ బతికాక
"మొదటి నుంచా?" అంది మిల్లరాయ్, గొంతు జీరబోయి.
కాదు. చేరినవాటిని లెక్కపెట్టుకుని
ఆగినచోటి నుంచే నడుస్తుంది.
దానికి ఆమాత్రం మర్యాద నేర్పాం.

ఎనిమిదింటికి నూరు శాతం. గంతేసింది.
ఇల్లలకగానే పండగ కాదు,
వేలిముద్రలు సరిచూడమన్నాను.
నూట ఏడు కలిశాయి.
కలవనిది ఏ నెలో చెప్పక్కర్లేదు.
మళ్ళీ పంపాం. ఈసారి ఇంకో ముద్ర.
తప్పు దారిలో లేదు, మా ఇంట్లోనే,
ఏడో బీరువాలో ఒక డిస్కు
అడిగినప్పుడల్లా కొత్త అబద్ధం చెబుతోంది.
దాని జంటను అడిగి మూట మళ్ళీ కట్టాం.
కలిసింది.
ముసలిదాన్ని ఊడదీసి బల్లమీద పెట్టాను.
చాలాసేపు వెచ్చగానే ఉంది.

తొమ్మిదింటికి కొండమీది పరికరం
రాత్రి వణుకును పంపింది.
చిన్న ఫైలు, పద్నాలుగు నిమిషాలు.
కొత్త ఫోల్డరు తెరిచి, యజమాని అన్నచోట
అలవాటుగా దోన్ ఎవరిస్తో అని కొట్టాయి వేళ్ళు.
చెరిపేసి, మిల్లరాయ్ అని రాశాను.

ఆమెకు తెలీదు.
కీబోర్డు మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది.
తెరమీద ఒకే అక్షరం
మూడో పేజీలోకి పరుగెడుతోంది.